ఆవకాయ జాడీకి తడి తగలనట్టు: ఏప్రిల్ వానల్లో అపలాచియన్ కొండలెక్కేటప్పుడు సామాను పొడిగా ఉంచుకునే పద్ధతి

స్లీపింగ్ బ్యాగ్‌లో కాళ్ల వైపు చెయ్యి పెట్టి చూశాను. తడిసిన దూది ఉండల్లా తగిలింది. పిండితే నీళ్లు కారాయి. ఏప్రిల్ రెండో వారం, ఉత్తర జార్జియాలో హాక్ మౌంటెన్ షెల్టర్ దగ్గర, రాత్రి ఎనిమిదిన్నర. బయట 41 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 5 డిగ్రీలు. పొద్దున స్ప్రింగర్ మౌంటెన్ దగ్గర నడక మొదలుపెట్టినప్పటి నుంచీ వాన తెరిపివ్వలేదు. బ్యాగు మీద రెయిన్ కవర్ ఉంది, దాన్ని గట్టిగా బిగించాను కూడా. అయినా నా వీపుకీ బ్యాగుకీ మధ్యలోంచి జారిన నీళ్లు కవర్ అడుగున చేరి రోజంతా అక్కడే నిలిచాయి. స్లీపింగ్ బ్యాగ్ సరిగ్గా ఆ అడుగునే సర్దుకున్నాను.

ఆ రాత్రి నిద్ర లేదు. ఉన్న బట్టలన్నీ ఒకదాని మీద ఒకటి వేసుకుని, మోకాళ్లు గుండెలకి ఆనించుకుని, గంటకోసారి నీళ్లు కాచుకుని తాగుతూ తెల్లవార్లూ కూర్చున్నాను. వెలుగు రాగానే అడవి రోడ్డు పట్టుకుని వెనక్కి వచ్చేశాను. ఆ తర్వాత ప్రతి వసంతంలోనూ అదే కొండలకి వెళ్తున్నాను. వాన పడని ట్రిప్పులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్లీపింగ్ బ్యాగ్ మాత్రం మళ్లీ తడవలేదు. అదెలాగో మొదటి నుంచి చివరిదాకా చెప్తాను. అట్లాంటా చుట్టుపక్కల కమింగ్, ఆల్ఫారెటా, జాన్స్ క్రీక్‌లలో ఉండే మనవాళ్లు చాలామంది ఈ మధ్య టెంట్లు కొని ఈ దారి పడుతున్నారు. వాళ్లలో ఒక్కరికైనా ఆ రాత్రి తప్పితే చాలు.

ఈ వాన మన ఊరి వాన కాదు

వానలో తడవడం మనకి కొత్త కాదు. జులైలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో తడిస్తే ఇంటికొచ్చి తల తుడుచుకుని వేడి టీ తాగితే అయిపోతుంది. గాలి వెచ్చగానే ఉంటుంది కాబట్టి ఒంట్లో వేడి ఎక్కడికీ పోదు. ఆ అలవాటే ఇక్కడ మనల్ని మోసం చేస్తుంది.

అపలాచియన్ ట్రెయిల్ స్ప్రింగర్ మౌంటెన్ దగ్గర మొదలై మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ దాకా దాదాపు 2,200 మైళ్లు పోతుంది. మొత్తం దారి నడిచేవాళ్లలో ఎక్కువమంది మార్చి, ఏప్రిల్‌లలో జార్జియా నుంచే బయల్దేరతారు. వానలు పడేదీ అప్పుడే. దక్షిణాన సముద్రం మీంచి వచ్చే తేమ గాలి ఈ కొండలకి తగిలి, పైకి లేచి, చల్లబడి కురుస్తుంది. కాస్త ఉత్తరానికి పోతే వచ్చే గ్రేట్ స్మోకీ మౌంటెన్స్‌లో లోయల్లో ఏడాదికి సుమారు 55 అంగుళాలు, శిఖరాల మీద 85 అంగుళాల దాకా పడుతుంది. 85 అంగుళాలంటే సుమారు 216 సెంటీమీటర్లు. హైదరాబాద్‌లో ఏడాది మొత్తానికి పడేది 80 సెంటీమీటర్ల చుట్టుపక్కల.

ఎంత వాన అన్నదానికంటే ఎంత చలిలో వాన అన్నదే ముఖ్యం. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. అందుకే మంచు కురవకపోయినా, 45 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర తడి బట్టలతో గాలిలో నిలబడితే హైపోథర్మియా, అంటే ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవడం, రావచ్చు. ముందు వణుకు, తర్వాత జిప్ కూడా లాగలేనట్టు వేళ్లు మొద్దుబారడం, మాట ముద్దముద్దగా రావడం, నడక తూలడం. మీ పక్కన నడిచే మనిషికి వణుకు ఆగిపోయి మత్తుగా అనిపిస్తుంటే తేరుకున్నాడనుకోవద్దు. పరిస్థితి ముదిరిందని అర్థం.

బయల్దేరే ముందు వాతావరణం చూసేటప్పుడు ఊరి సూచన చూస్తే సరిపోదు. స్ప్రింగర్ 3,782 అడుగుల ఎత్తు. జార్జియాలో ఈ దారి మీద అన్నిటికంటే ఎత్తైన బ్లడ్ మౌంటెన్ 4,458 అడుగులు. వెయ్యి అడుగులు ఎక్కితే సుమారు 3 నుంచి 5 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుంది, పైన గాలి అదనం. నేషనల్ వెదర్ సర్వీస్ వెబ్‌సైట్‌లో మ్యాప్ మీద ఊరిని కాకుండా కొండనే నొక్కితే ఆ చోటి సూచన వస్తుంది. నేను బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఒకసారి, కారు దిగే ముందు మరోసారి చూస్తాను. ఉరుములు, మెరుపులు ఉన్నాయంటే బ్లడ్ మౌంటెన్ పైనుండే బండరాళ్ల మీదికి ఆ పూట వెళ్లను.

పెద్ద జాడీ, చిన్న సీసా

మా ఇంట్లో ఆవకాయ పెట్టిన మూడో రోజు తిరగ కలిపాక అమ్మ పెద్ద జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టి అటక మీద పెట్టించేది. రోజూ వాడుకోవడానికి చిన్న సీసాలోకి తీసేది. సీసాలో ఎవరైనా తడి గరిటె పెడితే ఆ వారం పచ్చడి బూజు పడుతుంది, అంతే. జాడీలో పెడితే ఏడాది పచ్చడి పోతుంది. అందుకే జాడీ మూత తీసేది అమ్మ ఒక్కతే. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, ఆరాక తీసేది.

కొండ మీద వానలో చేయాల్సిందీ ఇదే. మూడు రోజులు వాన పడితే అన్నీ పొడిగా ఉంచడం ఎవరి వల్లా కాదు. అన్నిటినీ కాపాడాలని చూసేవాళ్లకి చివరికి ఏదీ మిగలదు. కొన్నిటిని తడవనివ్వాలి. కొన్నిటికి మాత్రం ఏం జరిగినా తడి తగలనివ్వకూడదు. మిగతా మెట్లన్నీ ఈ విభజన మీదే నిలబడతాయి.

మొదటి మెట్టు: ముందు రాత్రి హాల్లో మూడు కుప్పలు

సామానంతా నేల మీద పరిచి మూడు కుప్పలు చేయండి.

మొదటిది జాడీ కుప్ప. స్లీపింగ్ బ్యాగ్, రాత్రి పడుకునేటప్పుడు మాత్రమే వేసుకునే ఒక జత బట్టలు, అంటే ఊలు లేదా పాలిస్టర్ బనియను, ప్యాంటు, మందపాటి ఊలు సాక్సులు, ఆపైన పఫీ జాకెట్ (ఈకలో, దూదిలాంటి సింథటిక్ పీచో నింపిన ఉబ్బెత్తు జాకెట్), ఊలు టోపీ. మందులు కూడా ఇందులోనే. ఈ కుప్ప పొడిగా ఉంటే ఎంత చెడ్డ రోజైనా రాత్రికి సర్దుకుంటుంది.

రెండోది తడిస్తే ఇబ్బంది పెట్టేవి: ఫోన్, పవర్ బ్యాంక్, హెడ్‌ల్యాంప్, కారు తాళం, డ్రైవింగ్ లైసెన్స్, లైటర్, టాయిలెట్ పేపర్, తిండి. వీటికి జిప్‌లాక్ కవర్లు చాలు, కానీ ఫ్రీజర్ రకం మందపాటివి తీసుకోండి. కారు తాళాన్ని ఎవరూ పట్టించుకోరు. ఈ రోజుల్లో తాళమంటే ఎలక్ట్రానిక్ వస్తువే. అది తడిసి పనిచేయకపోతే ట్రిప్పు అయ్యాక పార్కింగ్‌లో చలిలో నిలబడాలి.

మూడోది తడవడానికే పుట్టినవి: టెంట్ పై కప్పు, మేకులు, రెయిన్ జాకెట్, గిన్నె, వాటర్ ఫిల్టర్, నడిచేటప్పుడు వేసుకునే బట్టలు, బూట్లు. వీటి గురించి టెన్షన్ పడొద్దు.

నడిచే బట్టల్లో ఎక్కడా నూలు ఉండకూడదు. జీన్స్, కాటన్ టీషర్టు, ఆఖరికి కాటన్ లోదుస్తులు కూడా వద్దు. నూలు నీళ్లు పీల్చుకుని వదలదు, చలిలో ఒంటికి అంటుకుపోతుంది. ఊలు తడిసినా కొంత వెచ్చదనం ఇస్తుంది. తెలంగాణ గొర్రెల కాపరులు ముసురులో గొంగడి కప్పుకుని మందల వెంట రోజంతా తిరగగలిగేది ఆ గుణం వల్లే.

స్లీపింగ్ బ్యాగ్ ఇంకా కొనకపోతే ఒక మాట. బాతు ఈకల డౌన్ రకం తేలిక, చిన్నగా నలుగుతుంది. కానీ తడిస్తే ఈకలు ఉండలు కట్టి వేడి పట్టుకోవడం మానేస్తాయి. సింథటిక్ రకం బరువెక్కువ, తడిసినా కాస్త ఆదుకుంటుంది. నేను ఇప్పటికీ డౌనే వాడతాను. జాగ్రత్త మీద నమ్మకం లేని మొదటి ఏడాది మాత్రం సింథటిక్ తీసుకోవడమే మంచిది.

రెండో మెట్టు: కవర్ పైన కాదు, లోపల

ఈ వ్యాసంలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

ఎరువుల బస్తా గుర్తుందా? పైన నేసిన సంచి, లోపల పాలిథిన్ పొర. పై సంచి దెబ్బలు కాస్తుంది, లోపలి పొర తడి ఆపుతుంది. బ్యాక్‌ప్యాక్‌కి కూడా లోపల అలాంటి సంచి కావాలి. పైన వేసే రెయిన్ కవర్‌కి వీపు వైపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, భుజాల పట్టీలు అటు నుంచే రావాలి కదా. మెడ మీంచి కారే నీళ్లన్నీ ఆ దారిలోనే దిగుతాయి. పైగా గాలి వీస్తే కవర్ ఎగిరిపోతుంది, పొదలకి తగిలితే చిరుగుతుంది. బ్యాగు బట్ట నీళ్లు పీల్చి బరువెక్కకుండా కొంత పనికొస్తుంది కాబట్టి కవర్‌ని వదిలేయమని చెప్పను. నీళ్లు పోవడానికి దాని అడుగున చిన్న రంధ్రం ఉందో లేదో మాత్రం చూసుకోండి. అంతకుమించి దాన్ని నమ్మొద్దు.

లోపలి సంచి ఖరీదైనది అక్కర్లేదు. అమెరికాలో ట్రాష్ కంపాక్టర్ బ్యాగులని అమ్ముతారు, చెత్తని అదిమే యంత్రాల్లో వాడేవి. వంటింటి చెత్త కవర్‌కంటే రెండింతలకి పైగా మందంగా, 2 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) లేదా అంతకంటే ఎక్కువ ఉంటాయి. 18 నుంచి 20 గ్యాలన్ల సైజు మామూలు బ్యాక్‌ప్యాక్‌కి సరిపోతుంది. వాసన లేని రకం, తెల్లది తీసుకోండి. తెల్లదైతే హెడ్‌ల్యాంప్ వెలుగులో లోపలున్నవి కనిపిస్తాయి.

సర్దడం ఇలా. ఖాళీ బ్యాగులో సంచిని దింపి, లోపల చెయ్యి పెట్టి మూలల దాకా అదమండి. అంచుని బ్యాగు మూతి మీదుగా బయటికి మడవండి. స్లీపింగ్ బ్యాగ్‌ని దాని చిన్న సంచిలో కుక్కకుండా వదులుగానే వేసి పిడికిలితో తొక్కండి. అలా అయితే మూలలన్నీ నిండి బ్యాగు గుండ్రంగా తిరగకుండా వీపుకి అంటిపెట్టుకుంటుంది. దాని మీద రాత్రి బట్టలు, పఫీ జాకెట్. ఇప్పుడు సంచి మూతిని రెండు చేతుల్లోకి తీసుకుని, మోకాలితో మెల్లగా నొక్కుతూ గాలంతా తీసేయండి. బుస్సుమని గాలి పోవడం వినపడుతుంది. మూతిని తాడు పేనినట్టు బిగుతుగా పేనండి. పేనిన తోకని మధ్యకి వంచి రెండు పొరలు చేసి, ఆ మడత కింద దూర్చండి లేదా రబ్బరు బ్యాండుతో కట్టండి. ఇదే మన వాసెన. పగలంతా దీన్ని విప్పేది లేదు. తిండి, గిన్నెలు, రెండో కుప్పలోని జిప్‌లాక్‌లు ఈ సంచి పైన. టెంట్, రెయిన్ జాకెట్ అన్నిటికంటే పైన గానీ, బయటి జాలీ జేబులో గానీ.

ఇంట్లోనే పరీక్షించండి. ఖాళీ సంచి మూతి పేని, బాత్‌టబ్ నీళ్లలో ముంచి పిండండి. బుడగలు వస్తే చిల్లు ఉన్నట్టే. నాలుగైదు ట్రిప్పులకో సంచి మార్చేస్తాను. అంతకంటే ముందే మార్చాల్సి వస్తే కారణం ఎక్కువగా ఎలుకే. ట్రెయిల్ షెల్టర్లలో రాత్రిళ్లు ఎలుకలు తిరుగుతాయి, తిండి వాసన ఉన్న ప్లాస్టిక్‌ని కొరకకుండా వదలవు. అందుకే లోపలి సంచిలో ఒక్క వేరుశనగ గింజ కూడా ఉండకూడదు.

చుట్టి మూసే డ్రై బ్యాగులు కూడా మంచివే. మూతిని కనీసం మూడు చుట్లు చుట్టి బకిల్ పెట్టాలి. అంచు దాకా నింపేస్తే మూడు చుట్లు రావు, అప్పుడు నీళ్లు దూరుతాయి. స్లీపింగ్ బ్యాగ్‌కి రెండో రక్షణగా ఒకటి, ఫోన్‌కీ పవర్ బ్యాంక్‌కీ చిన్నది ఒకటి చాలు. పది చిన్న డ్రై బ్యాగులు కొంటే వాటి మధ్య ఖాళీల్లో చోటు వృథా అవుతుంది, డబ్బూ వృథా.

మూడో మెట్టు: తామరాకులాంటి జాకెట్

గోర్‌టెక్స్‌లాంటి జాకెట్లలో సన్నని పొర ఒకటి ఉంటుంది. దాని రంధ్రాలు నీటి చుక్క దూరలేనంత చిన్నవి, చెమట ఆవిరి బయటికి పోగలిగినంత పెద్దవి. పై బట్ట మీద వేరే పూత ఉంటుంది. దానివల్లే నీళ్లు తామరాకు మీద బొట్లలా జారిపోతాయి. పూత అరిగితే పై బట్ట నీళ్లు పీల్చి తడి గుడ్డలా అవుతుంది. వాన లోపలికి రాకపోయినా, చెమట బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అప్పుడు లోపల తడిసేది మన చెమటతోనే. జాకెట్ కారుతోందని చాలామంది ఇక్కడే పొరబడతారు.

చెంచాడు నీళ్లు భుజం మీద పోసి చూడండి. బొట్లుగా జారితే బాగున్నట్టు. నల్లటి మరకలా పాకితే ఉతకాలి. మామూలు డిటర్జెంట్, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వద్దు. నిక్‌వాక్స్ టెక్ వాష్‌లాంటి ద్రావణంతో ఉతికి, లేబుల్ ఒప్పుకుంటే డ్రయర్‌లో తక్కువ వేడి మీద 20 నిమిషాలు తిప్పండి. వేడికి పూత మళ్లీ లేస్తుంది. లేవకపోతే పైన స్ప్రే చేసే పూత కొట్టాలి. ఈ మధ్య ఆరోగ్య కారణాల వల్ల పీఫాస్ రసాయనాలు లేని పూతలు వస్తున్నాయి. వాటికి ఒంటి జిడ్డు, సన్‌స్క్రీన్ తగిలితే పట్టు తొందరగా పోతుంది, కాబట్టి ఇంకాస్త తరచుగా ఉతకాలి.

ఎంత మంచి జాకెట్ అయినా, ఎత్తు ఎక్కేటప్పుడు చెమటని గెలవలేదు. అందుకే చంకల కింది జిప్పులు తెరిచి, లోపల ఒక్క పల్చటి చొక్కాతో, మాట్లాడుతూ నడవగలిగే వేగంలో ఎక్కండి. మొదటి పది నిమిషాలు చలేస్తుంది, వేయనివ్వండి. పఫీ జాకెట్‌తో మాత్రం ఎప్పుడూ నడవకూడదు. గాలి లేని చెట్ల దారుల్లో గొడుగుని మించింది లేదు, బ్యాగు పట్టీకి తగిలించుకునే తేలిక రకాలు దొరుకుతాయి. నడుముకి లుంగీలా చుట్టుకునే రెయిన్ స్కర్ట్ కూడా వానప్యాంటుకంటే హాయిగా ఉంటుంది, కింద నుంచి గాలి ఆడుతుంది.

నాలుగో మెట్టు: పాదాలు

బూట్లు తడుస్తాయి. ఇది ఒప్పుకుంటే సగం బాధ పోతుంది. వాటర్‌ప్రూఫ్ బూట్లలోకి పైనుంచి ఒకసారి నీళ్లు దిగితే బయటికి పోవు, రెండు రోజులైనా ఆరవు. జాలీ బట్టతో చేసిన ట్రెయిల్ రన్నర్లనే తేలిక బూట్లు వెంటనే తడుస్తాయి, ఎండ వస్తే కొన్ని గంటల్లో ఆరతాయి. మంచు లేని ఏప్రిల్‌కి నా ఓటు వీటికే.

పగలు పాదాలు తడిగా ఉన్నా రాత్రి ఎనిమిది గంటలు పొడిగా ఉండాలి. టెంట్‌లోకి రాగానే తుడిచి, వేళ్ల మధ్య గాలి తగలనిచ్చి, తెల్లగా ముడతలు పడిన చర్మానికి వాజలీన్ రాసి జాడీ సాక్సులు వేసుకోండి. ఇది చేయకపోతే మూడో రోజుకి చర్మం పొరలుగా ఊడుతుంది.

ఐదో మెట్టు: టెంట్

కొన్న టెంట్‌ని ముందు పెరట్లో వేసి, పైపుతో పదిహేను నిమిషాలు నీళ్లు కొట్టండి. సిలికాన్ పూసిన నైలాన్ టెంట్లలో కొన్నిటికి కుట్ల దగ్గర నీళ్లు దూరకుండా ఆపే సీలెంట్ జిగురు మనమే పూయాలి. ఆ విషయం కొండ మీద తెలియకూడదు. నైలాన్ తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగించిన కప్పు రాత్రికి వేలాడి లోపలి బట్టకి తగులుతుంది. అందుకే పడుకునే ముందు తాళ్లు ఇంకోసారి బిగించాలి. పాలిస్టర్‌కి ఈ బెడద తక్కువ.

చోటు ఎంచుకోవడంలో కాస్త ఆలస్యమైనా పరవాలేదు. పాత క్యాంపు స్థలాల్లో నేల పళ్లెంలా గుంటపడి ఉంటుంది, వాన వస్తే అదే చెరువు. ఆకులన్నీ ఒకే వైపుకి కొట్టుకుపోయి గీతలా ఉన్నాయంటే నీళ్లు పారే దారి అదే. తల పైకెత్తి ఎండు కొమ్మలు ఉన్నాయేమో చూడండి. వాగు పక్కన, లోయ అడుగున కాకుండా కొంచెం ఎత్తులో చెట్ల కింద వేస్తే లోపల చెమ్మ తగ్గుతుంది. టెంట్ కింద పరిచే షీటు టెంట్ అడుగుకంటే చిన్నదిగా ఉండాలి. అంగుళం బయటికి వచ్చినా, కప్పు మీంచి జారిన నీళ్లని పట్టి నేరుగా మన కిందికి తెస్తుంది.

షెల్టర్ ఉంది కదా అని టెంట్ మానొద్దు. ఇవి ఎక్కువగా మూడు గోడల కొట్టాలు, మార్చి, ఏప్రిల్‌లలో సాయంత్రానికి నిండిపోతాయి, గాలి తిరిగితే జల్లు లోపలికే కొడుతుంది. బ్లడ్ మౌంటెన్ మీద 1930లలో అప్పటి ప్రభుత్వ ఉపాధి పథకమైన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ కుర్రాళ్లు కట్టిన రాతి ఇల్లు గోడలన్నీ ఉన్నదే, అయినా అక్కడ చోటు దొరుకుతుందని లెక్క వేసుకోలేం.

ఒకసారి మా బావమరిదితో గూచ్ మౌంటెన్ దగ్గర ఉన్నాం. అర్ధరాత్రి లేపాడు. "బావా, టెంట్ కారుతోంది." చూస్తే కప్పు లోపలి వైపంతా ముత్యాల్లా బొట్లు. వేలితో తాకితే జారి మెడ మీద పడుతున్నాయి. "కారడం లేదురా, అది మన ఊపిరే. చలేస్తోందని నువ్వు గాలి సందులన్నీ మూసేశావు." పైనున్న రెండు కిటికీలు తెరిచి, చిన్న తువ్వాలుతో కప్పు తుడిచి పిండాం. గ్లాసులో పావు వంతు నీళ్లు వచ్చాయి. వానలో కూడా గాలి సందులు తెరిచే ఉంచాలి. కొంచెం చలేసినా సరే.

ఆరో మెట్టు: చేరినప్పుడు, తెల్లారినప్పుడు

అలసిపోయి చేరినప్పుడే తప్పులు జరుగుతాయి. అందుకే నేను ప్రతిసారీ ఒకే వరుస పాటిస్తాను. ముందు టెంట్ నిలబెట్టేదాకా బ్యాగు మూత తియ్యను. టెంట్ అందుకే బయటి జేబులో ఉండేది. వీలైతే పై కప్పు ముందు లేపి, దాని కింద లోపలి భాగం తగిలించే రకం టెంట్ కొనుక్కోండి. తర్వాత బ్యాగుని వసారాలాంటి ముందు భాగంలోకి లాగుతాను. తడి జాకెట్, బూట్లు అక్కడే ఆగిపోతాయి. గడప దాటి లోపలికి రావు. గడప మీద కూర్చుని తడి బట్టలు విప్పి, ఒళ్లు తుడుచుకుని, చేతులు పూర్తిగా ఆరాకే వాసెన విప్పుతాను. పొడి బట్టలు వేసుకున్నాక ఇక వానలోకి వెళ్లేది లేదు. నీళ్లు తెచ్చుకోవడం, తిండి సంచి చెట్టుకి కట్టడం అన్నీ తడి బట్టల్లో ఉండగానే ముగించాలి.

తిండి సంచి రాత్రంతా వానలో వేలాడుతుంది. తాడు వెంట నీళ్లు జారి సంచి మూతిలోకి దిగుతాయి, కాబట్టి చుట్టి మూసే రకమే వాడండి. బ్లడ్ మౌంటెన్‌కి అటూ ఇటూ ఉన్న జెరార్డ్ గ్యాప్, నీల్ గ్యాప్‌ల మధ్య (గ్యాప్ అంటే కొండల నడుమ కనుమ) మార్చి 1 నుంచి జూన్ 1 వరకు రాత్రి బస చేసేవాళ్లు ఎలుగుబంట్లు తెరవలేని గట్టి డబ్బా వాడాలన్న నిబంధన ఉంది. ఆ డబ్బాల మూతలన్నీ నీళ్లు ఆపవు, లోపల కూడా జిప్‌లాక్‌లు ఉండాల్సిందే. పులిహోర పొడి, ఉప్మా రవ్వ పూటకో కవర్ చొప్పున విడివిడిగా కట్టుకుంటే ఒకటి చెమ్మగిల్లినా మిగతావి ఉంటాయి.

తెల్లారాక అసలు పరీక్ష. నిన్నటి తడి బట్టలే మళ్లీ వేసుకోవాలి. 42 డిగ్రీల ఫారెన్‌హీట్ చలిలో తడి సాక్సు తొడుక్కోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఈ ఒక్కసారికి పొడివే వేసుకుందామని మనసు లాగుతుంది. వేసుకుంటే గంటలో అవీ తడుస్తాయి, రాత్రికి జాడీ ఖాళీ. తడివి వేసుకుని వెంటనే నడక మొదలుపెడితే పది నిమిషాల్లో ఒంటి వేడికి అవే వెచ్చబడతాయి. టెంట్ విప్పకముందే లోపల కూర్చుని సంచి సర్ది, వాసెన కట్టి, ఆ తర్వాతే జిప్ తెరవండి. తడి కప్పుని దులిపి బయటి జేబులో కుక్కేయండి. అందంగా మడవనక్కర్లేదు.

ఏడో మెట్టు: దారిలో ఆరబెట్టుకోవడం

వానాకాలంలో రాత్రంతా తాడు మీద వేసిన బట్ట పొద్దుటికి ఆరదు, ఇంకాస్త చల్లబడుతుంది. ఆరబెట్టే యంత్రం మన ఒళ్లే. గట్టిగా పిండిన సాక్సుల్ని నడిచేటప్పుడు చొక్కా లోపల భుజాల మీద వేసుకుంటే సాయంత్రానికి చాలావరకు ఆరతాయి. నీళ్లు కారే బట్టల్ని మాత్రం స్లీపింగ్ బ్యాగ్‌లోకి తీసుకెళ్లకండి. ఆ తడంతా ఈకల్లోకే పోతుంది. మంట దగ్గర ఆరబెట్టొద్దు, బూట్ల జిగురు ఊడుతుంది, సింథటిక్ బట్ట కరిగిపోతుంది.

మబ్బు విడిచి అరగంట ఎండ వచ్చిందా, నడక ఆపేయండి. టెంట్ కప్పు పొద మీద, స్లీపింగ్ బ్యాగ్ ఎండిన బండ మీద. ఆ అరగంట నడిస్తే వచ్చే మైలు కంటే ఎక్కువ విలువైనది.

ఫోన్ ఛార్జింగ్ రంధ్రంలో చెమ్మ ఉందని హెచ్చరిక వస్తే ఛార్జింగ్ వైరు పెట్టకండి. కింది వైపుకి వంచి తట్టి, చొక్కా లోపలి జేబులో గంటసేపు ఉంచండి.

ఇంత చేసినా స్లీపింగ్ బ్యాగ్ తడిస్తే, రాత్రికి 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి పోతుందని సూచన ఉంటే, ట్రిప్పు అక్కడితో ఆపండి. జార్జియా భాగంలో ఇది తేలిక. వుడీ గ్యాప్ దగ్గర 60వ నంబరు రాష్ట్ర రహదారి, నీల్ గ్యాప్ దగ్గర 19, 129 నంబర్ల రహదారి ట్రెయిల్‌ని దాటుతాయి. స్ప్రింగర్ నుంచి సుమారు 31 మైళ్ల దూరంలో ఉన్న నీల్ గ్యాప్‌లో హైకర్ల సామాను దుకాణం ఒకటుంది, ట్రెయిల్ ఆ భవనం మధ్యలోంచే పోతుంది. బయటపడే ఇలాంటి దారులు ఏ మైలు దగ్గర ఉన్నాయో ఒక కాగితం మీద రాసి, జిప్‌లాక్‌లో పెట్టి, ఇంట్లోవాళ్లకి కూడా ఇచ్చి బయల్దేరండి. ఫోన్ ఆగిపోయినా కాగితం ఉంటుంది.

ఇంటికొచ్చాక

అదే రాత్రి, స్నానానికి ముందే, టెంట్‌ని గ్యారేజీలో విప్పి వేలాడదీయండి. తడిగా మడిచి రెండు వారాలు వదిలేస్తే బూజు మరకలు పడతాయి, పాలియురెథేన్ పూత జిగటగా మారి ముక్కిన వాసన వేస్తుంది. ఆ వాసన ఉతికినా పోదు. స్లీపింగ్ బ్యాగ్‌ని కుక్కిన సంచిలోంచి తీసి, పెద్ద గుడ్డ సంచిలో వదులుగా ఉంచండి. బూట్ల లోపలి అట్టలు తీసి, పాత న్యూస్‌పేపరు కుక్కి, గంట తర్వాత ఆ పేపరు మార్చండి. లోపలి పాలిథిన్ సంచిని తిరగేసి దులిపి, లైటు ఎదురుగా పట్టుకుని చిల్లుల కోసం చూడండి. చుక్కలా వెలుగు కనిపిస్తే అది ఇక చెత్తబుట్టకే. కొత్తదాన్ని అప్పుడే బ్యాగులో దింపి పెట్టేయండి, వచ్చే శుక్రవారం సాయంత్రం హడావుడిలో మర్చిపోకుండా.